దొర అడగని ఊరు

గవర్నరు పడవకు చుక్కాని పట్టే కులుప్‌కు మెరిడ్యూ దొర ముఖం ముప్ఫై ఏళ్లుగా తెలుసు. దొరకే అతను గుర్తులేడు. మొదటిసారి వచ్చినప్పుడు దొర కుర్ర లెఫ్టినెంటు. పటాలంతో నది ఎగువకు వెళ్లి లుబుక్ తెరాప్ ఊరు తగలబెట్టించాడు. పన్నెండేళ్ల కులుప్ అడవిలోకి పరిగెత్తి బతికాడు. తండ్రి తుపాకీ దెబ్బకు పోయి ఆ ఊరి మట్టిలోనే కలిశాడు. ఊరూ, సమాధుల నేలా పటాలం భూమి అయిపోయాయి. దొర ఆఫ్రికాలో యుద్ధాలు చేసి, కర్నలై, కుంటికాలుతో, ఈకల టోపీతో గవర్నరుగా, మొదట దిగిన రేవులోనే మళ్లీ దిగాడు. చెయ్యి పట్టి దించింది కులుప్.

ఆ రంజాన్ నెలలో తల్లి టిజా మంచం పట్టింది. "మీ నాన్న పక్కనే పెట్టరా" అన్నదొక్కటే కోరిక. ఆ భూమిలో అడుగు పెట్టాలంటే గవర్నరు అనుమతి కావాలి. రెండు అర్జీలకు జవాబు లేదు.

పండుగనాడు బంగళాకు బయల్దేరితే తెడ్డు వేసే పాండక్ ఎకసెక్కమాడాడు. "ఊరు కాల్చినాయన చెయ్యి పట్టుకుని తప్పులు మన్నించమంటావా మామా?"

"పండుగనాడు అందరూ అనుకునే మాటే కదరా. పనిలో పని, అమ్మ సంగతీ అడుగుతా. నడు."

అక్కడ దొరే ముందు అడుగుతున్నాడు. ఎవరో ఆచారం నేర్పారు. వచ్చినవాడి చేతులు పట్టుకుని, "తెలిసీ తెలియకా చేసిన తప్పులు మన్నించండి" అంటున్నాడు. "మన్నించాం దొరా" అని అందరూ కొబ్బరాకు పొట్లాల అన్నం దగ్గరికి పోతున్నారు.

కులుప్ వంతు వచ్చింది. మన్నించానంటే ఆ సంగతి మళ్లీ ఎత్తకూడదు. మనసులో లేకుండా అంటే పాపం. అనకపోతే అమ్మకు చోటు దక్కదేమో.

"ఊరి పేరు చెప్పి అడగండి దొరా" అన్నాడు.

"ఏం కూశావురా! పక్కకు జరుగు" అని గుమాస్తా కసిరాడు.

"ఏ ఊరు?" అన్నాడు దొర.

"లుబుక్ తెరాప్. మా నాన్న అక్కడే ఉన్నాడు. అమ్మ కూడా అక్కడికే పోతానంటోంది."

దొర చేతులు వదల్లేదు. "ఆ ఊరి రేవు మీద పనసచెట్టు ఉండేది" అన్నాడు.

"అదీ కాలింది దొరా."

మూడో రోజు కాగితం వచ్చింది: ఒక్క సమాధికి, ఒక్క రోజుకు. టిజాకు అది సరిగ్గా వేళకు అందింది: ఆ రాత్రే పోయింది, మర్నాడు మొగుడి పక్కనే పెట్టారు.

మరుసటేడు దొర ఉద్యోగం ముగిసింది. ఓడ దాకా తీసుకెళ్లింది కులుప్ పడవే. నిచ్చెన దగ్గర దొర ఆగాడు.

"ఆ రోజు నువ్వు జవాబు చెప్పలేదు."

"మీరూ ఊరి పేరు పెట్టి అడగలేదు దొరా."

కెరటానికి పడవ ఊగింది. కులుప్ చెయ్యి చాచాడు. దొర దాన్ని పట్టుకుని కుంటుతూ ఎక్కిపోయాడు.