అత్త పెంచిన గప్పీలు

మొన్న రాజమండ్రిలో మనవరాలికి చెప్పులు కొంటుంటే, అది పక్కనున్న రంగుచేపల షాపులోకి వేలు చూపించి "తాతా, అవేంటి?" అంది. గప్పీలమ్మా, అన్నాను. ఆ పేరు పలికి ఎన్నేళ్లయిందో.

వాటిని మా ఇంటికి తెచ్చింది మేనత్త, నాన్నకు చెల్లెలు. పిల్లలు లేరని మామయ్య రెండో పెళ్లి చేసుకుంటే, ఎనభైల్లో ఓ ఎండాకాలం, ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఇంకో చేతిలో కడిగిన పచ్చడి సీసాతో తణుకు దగ్గర మా ఊళ్లో బస్సు దిగింది. సీసాలో నాలుగు చేపలు. అమ్మ వంగి చూసి, "ఇవి పులుసుకైనా చాలవే, అమ్మాయ్" అంది. వరండాలో గాజుతొట్టి పెట్టి, నిలవుంచిన బావినీళ్లు పోసి, అత్త వాటిని నాకు పరిచయం చేసింది. మగవి పిసరంత ఉంటాయి, తోకలు మాత్రం పట్టుకుచ్చులు. ఆడవి పెద్దవి, వట్టి బూడిదరంగు. "సోకంతా మగాడికీ, మోతంతా ఆడదానికీ ఇచ్చాడ్రా దేవుడు" అనేది. అవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. పొట్ట కింద మచ్చ నల్లబడితే తల్లిని విడిగా పెట్టాలి, కనగానే తీసెయ్యాలి. లేకపోతే తన పిల్లల్ని తనే తినేస్తుంది. నలుసుల్లాంటి ఆ పిల్లలకు అత్త ఉడికిన పచ్చసొన నలిపి వేసేది. వీధిలో వాళ్లు సీమంతాలకు అత్తను పిలిచేవారు కాదు గానీ, చేపపిల్లల్ని చూడ్డానికి మాత్రం వచ్చేవారు.

కొన్నేళ్లకు, ఊళ్లో ఏదో పెళ్లికొచ్చిన మామయ్య కొడుకును ఎత్తుకుని మా గుమ్మమెక్కాడు. "రండి బావగారూ" అని నాన్న కుర్చీ వేశాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. పిల్లాడు తొట్టిని కరుచుకుని, చేపలు కావాలని ఒకటే ఏడుపు.

"ఇచ్చెయ్యవే, పసివాడు ముచ్చటపడుతున్నాడు" అన్నాడు నాన్న. మామయ్య వద్దనలేదు.

అత్త ఒక్కొక్క చేపనీ గ్లాసుతో ముంచి కవర్లో పోసింది. నిండుచూలాలిని వేరే కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"ఇది రేపో మాపో కంటుందండి. కనగానే తల్లిని తీసెయ్యమని మీ ఆవిడతో చెప్పండి."

ఆయన తలూపి వెళ్లిపోయాడు. "చేపలేగా, మళ్లీ తెచ్చుకుందాంలే" అన్నాడు నాన్న. తేలేదు. ఆ తొట్టిలో అమ్మ ఉల్లిపాయలు పోసింది.

అత్త ఆ తర్వాత చాలాకాలం మాకు వండిపెట్టి, మా ఇంట్లోనే పోయింది. కబురు పంపినా మామయ్య రాలేదు. కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని నాన్న అంటుండేవాడు. సర్దుకున్నది అత్త ఒక్కతే. కాలం దాని దారిన అది పోయింది.