గిటారు మీద అమ్మ హారతి

రాయపూర్ రైల్వే క్వార్టర్లో నేను గిటారు నేర్చుకున్నది వట్టి చెవితో. గురువూ లేడు, పుస్తకమూ లేదు. ఫోన్లో సినిమా పాట పెట్టడం, ఒక ముక్క విని ఆపడం, ఆ స్వరం ఏ తీగ మీద ఉందో వెతకడం, ఇదే పని. "సెవులు సిల్లులు పడతన్నాయిరా" అనేది అమ్మ. ప్రతి శుక్రవారం పూజలో హారతి పాడే అమ్మకు గొంతు ఆపరేషన్ అయింది. మాట గుసగుసగా మిగిలింది. పాట పూర్తిగా పోయింది.

అంతలో చెల్లి పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని చేసే రోజు మా ఇళ్లలో తల్లి మంగళహారతి పాడుతుంది. అమ్మ పాడే హారతి విజయనగరం నుంచి అమ్మమ్మతో వచ్చింది, ఎక్కడా రికార్డు లేదు. హిందీలో పెరిగిన మాకు అందులో సగం మాటలు రావు. ఏదో ఒక హారతి ఫోన్లో పెట్టేద్దామన్నారు నాన్న. చెల్లి మూతి ముడుచుకుంది.

"అన్నయ్యా, అమ్మ పాటే కావాల నాకు. నువ్వు ట్రై తో కర్, గిటారు మీద వాయించి సూడు."

సరే, ప్రతి శుక్రవారం విన్న పాటే కదా, అదెంత పని అనుకున్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని వాయించాను. మొదటి పాదం కుదిరింది. రెండో పాదం చివరి స్వరం దగ్గర మాత్రం అమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్లీ వాయిస్తే మళ్లీ ఊపింది. గిటారు మెడ మీద కింది మెట్టు నొక్కితే స్వరం తక్కువ, పై మెట్టు నొక్కితే ఎక్కువ. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఈ రెండిటి మధ్య ఇంకేటీ లేదమ్మా. గిటారు ఇంతే."

అమ్మ దగ్గరికి జరిగి, తీగ మీదున్న నా వేలిని పట్టుకుని మెల్లగా పైకి తోసింది. తీగ సాగింది. స్వరం కింది నుంచి ఎగబాకి, ఒకప్పుడు అమ్మ గొంతు ఆగే చోటే ఆగింది. నాకు ఒళ్లు ఝల్లుమంది. గిటారు ఎన్నడూ ముట్టని మనిషి! తన గొంతు ఎలా ఎక్కేదో అలాగే నా వేలిని ఎక్కించింది.

పెళ్లికూతుర్ని చేసే రోజు రానే వచ్చింది. పెద్దమ్మ కర్పూరం వెలిగిస్తూ "హారతికి గిటారేటిరా" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. నేను తలెత్తకుండా మొదలుపెట్టాను. రెండో పాదం చివర తీగ సాగదీశాను. నవ్వులు ఆగిపోయాయి. అమ్మ పళ్లెం తిప్పుతోంది, చప్పుడు లేని పెదవుల మీద ఒక్కో మాటా కదులుతోంది. పీట మీది చెల్లి నన్ను చూడనేలేదు. అమ్మ నోటినే చూస్తూ అంది.

"వినబడతందమ్మా."