కాతేరు రాతిలో గవ్వలు

మొన్న మా పెరట్లో గట్టు కట్టడానికి బండి మీద రాళ్లు దింపించాం. వాటిలో ఒక తెల్లరాయి పగిలి, లోపల మెలితిరిగిన గవ్వ బయటపడింది. మనవరాలు ముచ్చటపడి కడిగి తెచ్చి నా ఒళ్లో పెడితే, వద్దమ్మా, అవతల పెట్టమన్నాను. దాన్ని చూడగానే మా మేనత్త చేతులు గుర్తొచ్చాయి, రాతిపొడితో తెల్లబడ్డ చేతులు.

అత్తను సముద్రం ఒడ్డునున్న ఉప్పాడ ఇచ్చారు. పెళ్లయిన కొత్తలోనే మావయ్య చేపల వేటకు వెళ్లాడు. పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది గాని మనిషి రాలేదు, శవమైనా దొరకలేదు. పుస్తె తియ్యమని అత్తింటివాళ్లు పట్టుబడితే, కళ్లతో చూడకుండా తియ్యనని చెప్పి కాతేరులో మా నాన్న దగ్గరికి వచ్చేసింది. నాన్న క్వారీ రాయిని పడవలో ధవళేశ్వరం చేరవేసేవాడు. కాతేరు సముద్రం ఊసు లేని ఊరని అత్తకు ధీమా. చేపల వాసన తగిలితే అన్నం మానేసేది. అందుకని, చేపలు పట్టే పల్లెవాళ్లింట పుట్టి పల్లెవాళ్లింట మెట్టిన మా అమ్మ, పులుసు మీదికి మనసు పోతే పొరుగింట్లో వండించుకు తిని, మూతి కడుక్కుని ఏమీ ఎరగనట్టు వచ్చేది.

ఊరికే కూర్చోలేక అత్త క్వారీలో రాళ్లు కొట్టే పనికి కుదిరింది. అక్కడ పైన నల్లరాయి, కింద నల్లరాయి, నడుమ సున్నానికి పనికొచ్చే తెల్లరాయి. ఆ తెల్లరాయి నిండా గవ్వలు, ఆలిచిప్పలు. అవి చూసిన రోజు తట్ట అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, సముద్రం తనకంటే ముందే ఇక్కడికొచ్చి కూర్చుందని నాన్నతో చెప్పింది. ఇక పని మానేస్తుందనుకున్నాం. మర్నాడు అందరికంటే ముందు వెళ్లింది. అప్పట్నుంచి ఒక్కో తెల్లరాయినీ అటూ ఇటూ తిప్పి, మెల్లగా పగలగొట్టి చూసేది. ఏం వెతుకుతున్నావని ఎవరూ అడగలేదు. అడక్కుండానే మాకు తెలుసు.

ఒకనాడు రాళ్లు పరిశీలించే దొర ఒకాయన క్వారీకి వచ్చాడు. ఆయన మాటల్ని వెంట వచ్చిన గుమాస్తాగారు మాకు తెలుగులో చెప్పారు. ఒకప్పుడు నేల పగిలి, కరిగిన రాయి నిప్పుల వరదలా పారి, చల్లారి నల్లరాయి అయిందట. దాని మీదికి సముద్రం వచ్చిందట. చచ్చిన గవ్వలు అడుగున పేరుకుని, బురద కింద నలిగి నలిగి తెల్లరాయి అయ్యాయట. ఆ పైన మళ్లీ నిప్పు పారిందట. అత్త సుత్తి కింద పెట్టింది.

“అలా రాయి అవడానికి ఎన్నాళ్లు పడుతుందండి?”

“ఇదంతా మనుషులు పుట్టకముందు మాటమ్మా. లెక్కకందదు.”

అత్త క్వారీ గోతి వైపు చూసింది. “అయితే మా ఆయన ఇంకా రాయి కాలేదన్నమాట,” అంది.

గుమాస్తాగారికి అర్థం కాలేదు. నాన్న మాత్రం మొహం తిప్పుకున్నాడు. కొద్దిరోజుల్లోనే అత్త, ఎవరెంత చెప్పినా వినకుండా, ఉప్పాడ వెళ్లిపోయింది.

నా పెళ్లయ్యాక ఒకసారి చూడ్డానికి వెళ్లాను. ఒడ్డు కోసుకుపోతుంటే గుడిసె వెనక్కి జరిపి వేసుకుంది. అలల వైపు చెయ్యి చూపించి, తమ పొయ్యి అక్కడుండేదని, పక్కవీధి గురించి చెప్పినట్టు చెప్పింది. జుట్టు నెరిసింది, పుస్తె మెడలోనే ఉంది. రోజూ పొద్దున్నే ఒడ్డు వెంబడి నడిచి, అల తెచ్చి పడేసిన ప్రతిదాన్నీ ఒంగి చూసి వచ్చేది. ఆవిడ మొహంలో దుఃఖమన్నది లేదు. నాకు భయం వేసింది అందుకే.

ఆవిడ పోయినప్పుడు పుస్తె అలాగే ఉంచి పూడ్చారు. ఈమధ్య ఆ చోటు కూడా నీళ్లలో కలిసిపోయిందని అక్కణ్ణుంచి వచ్చినవాళ్లు చెప్పారు. మాకు నిండు జన్మంత పొడుగనిపించిన ఆ ఎదురుచూపు, ఆ నీళ్లడుగున పేరుకుంటున్న ఇసుకకి ఇంకా మొదలైనా కాలేదేమో.