బాపు కాళ్లు పిసికిన కొడుకు

కాళ్లు పిసకడంలో చార్మినార్ వెనక మా గల్లీ మొత్తంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆఫీసులో నేను రాసిన ఫైలు ఒక్కటీ తప్పు లేకుండా పైకి వెళ్లేది కాదు కనుక, గర్వపడటానికి నాకు మిగిలిన విద్య అదొక్కటే. రోజంతా కార్ఖానాలో నిలబడి వచ్చిన బాపు మంచమ్మీద కాళ్లు చాపితే చాలు, నేను కూర్చునేవాణ్ణి.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో బాపు పేగుకు పెద్ద ఆపరేషన్ అయింది. సీరియస్ వార్డులో పెట్టారు. ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, పొట్ట మీద రోజూ సూదులు. రెండు కాళ్లకూ పాదం నుంచి తొడ దాకా బిగుతుగా సాగే పట్టీలు చుట్టారు. ఎందుకో డాక్టరు చెప్పాడట, నేను తలూపానట. నిజానికి పొట్ట కోసి కాళ్లకు కట్లేమిటని, ఆయన తెలివి మీదే నాకు అనుమానం.

మూడోరోజు పొద్దున సిస్టరు అటు వెళ్లగానే పట్టీలు విప్పి, చక్కగా చుట్టి దిండు కింద పెట్టి, పని మొదలుపెట్టాను. బాపు హాయిగా కళ్లు మూసుకున్నాడు. పక్క మంచం ముసలాయన "బేటా హో తో ఐసా, కొడుకంటే ఇట్లుండాలె" అంటూ తన కొడుకు వైపు గుర్రుగా చూశాడు. నేను ఇంకాస్త గట్టిగా పిసికాను.

సిస్టరు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కదలకుంట పండుకున్నోళ్లకు కాళ్లల్ల నెత్తురు గడ్డకడ్తది. గా గడ్డను నువ్వు పిసికితే ఊడి ఊపిరితిత్తులల్లకు పోతది. గంతే, మనిషి దక్కడు. పట్టీలు కట్టింది గందుకే."

దిండు కింది పట్టీలు తీసి ఆమె చేతికిచ్చాను. డాక్టరు వచ్చి, పిక్కలు చూసి, వాపు లేదనేదాకా నేను బాపు ఛాతీ మీంచి చూపు తిప్పలేదు. మధ్యలో బాపు ఒకసారి దగ్గితే నాకు చచ్చినంత పనైంది.

ఆ తర్వాత నాకు కొత్త డ్యూటీ పడింది. గంటగంటకూ బాపు చేత పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. కుట్లు లాగుతున్నాయని ఆయన తిట్టేవాడు, నేను వదిలేవాణ్ణి కాదు. పక్క మంచం ముసలాయన ఈసారి కొడుకును దగ్గరికి పిలిచి, నన్ను చూపించి, ఇలా మాత్రం తయారుకావద్దని చెప్పాడు.

ఇంటికి వచ్చిన సాయంత్రం బాపు అలవాటుగా కాళ్లు చాపాడు. నేను దూరంగా చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"పిసుకు రా. డాక్టర్ సాబ్‌ను అడిగే వచ్చిన," అన్నాడు.

దగ్గరికి వెళ్లి పాదాలు పట్టుకున్నాను. నొక్కలేక, ఊరికే పట్టుకుని కూర్చున్నాను.