తెల్లగుడ్డ మీద తుపాకి మందు

ఆయన ఎడమ పిక్క మీద కట్టు విప్పినప్పుడు నన్ను ఆపేసింది కాలిన గాయం కాదు, దాని చుట్టూ చర్మంలోకి దిగబడిన నల్లటి నలకలు. ఆవాలు చల్లినట్టున్నాయి. సెలైన్‌తో ఎంత కడిగినా పోలేదు. సౌదీలోని తాయిఫ్ ఆస్పత్రి డ్రెస్సింగ్ గదిలో నేను పనికి చేరి అప్పటికి చాలా ఏళ్లయింది. మరిగే నూనె పడినవాళ్లకీ, గ్యాసు మంట తగిలినవాళ్లకీ ఎందరికో కట్లు కట్టాను. ఇలాంటి గాయం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"ఇదేమిటి బాబా?" అని అరబీలో అడిగాను.

"బారూద్," అన్నారు ఆయన, ఏ కూరలో కారం ఎక్కువైందో చెప్పినంత తేలిగ్గా.

బారూద్ అంటే తుపాకి మందు. ఆ కొండల్లో పెళ్లిళ్లకు మగవాళ్లు తాషీర్ అనే ఆట ఆడతారు. గొట్టం మూతిలోంచి మందు పోసి, ఇనుప కడ్డీతో కూరి పేల్చే పాతకాలపు పొడుగు తుపాకి పట్టుకుంటారు. కుచ్చుల తెల్ల అంగీ వేసుకుని పరుగెత్తుకొచ్చి, గాల్లోకి ఎగిరి, తమ కాళ్ల కిందికే పేలుస్తారు. అందులో గుండు ఉండదు, మందే ఉంటుంది. కింద నిప్పు, చుట్టూ తెల్లటి పొగ, మధ్యలో మనిషి గాల్లో ఉంటాడు. ఈయన నలభై ఏళ్లుగా అలా ఎగురుతున్నారట. ఇప్పుడు అరవై దాటాయి. దానికి తోడు షుగరు.

నన్ను భయపెట్టింది ఆ షుగరే. షుగరున్న కాలు నొప్పి చెప్పదు. చిన్న పొక్కుతో ఆ గదికి వచ్చి, నెలల తరబడి తిరిగి, చివరికి వేళ్లు తీయించుకుని వెళ్లినవాళ్లను నేను చూశాను. వాళ్ల కట్లు మార్చింది ఈ చేతులే.

డాక్టరుగారు వచ్చి చూసి, ఇక తుపాకి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. బాబా బుద్ధిగా తలూపారు. డాక్టరుగారు అటు వెళ్లగానే నా వైపు తిరిగి, "బక్రీదు పండుగ తర్వాత నా చిన్నకొడుకు పెళ్లి. మిగతా పిల్లలందరి పెళ్లిళ్లలోనూ ఎగిరాను. వీడి పెళ్లికి కుర్చీలో కూర్చోమంటావా?" అన్నారు.

పక్కన ఆయన పెద్దకూతురు నిలబడి ఉంది. స్కూల్లో టీచరు. "ఈయనకి చెప్పి లాభం లేదు సిస్టర్. మా అమ్మ బతికున్నప్పుడే వినలేదు," అంది.

ఆ క్షణంలో నేనొకటి నిశ్చయించుకున్నాను. ఈ మనిషిని ఆపలేకపోవచ్చు కానీ ఈ కాలు మాత్రం పోనివ్వకూడదు.

"కాలు కాలిన రోజు ఏ మందు పోశారు?" అని అడిగాను.

ఆయన దగ్గర మూడు రకాలున్నాయట. ఒకటి బజారులో కొన్నది, సన్నటి పొడి. రెండోది దక్షిణాన కొండల్లోంచి బంధువు తెచ్చింది, ముతక. మూడోది ఆయన ప్రాణస్నేహితుడు సొంతంగా తయారు చేసిచ్చింది. ఆ స్నేహితుడు పోయి కొన్నేళ్లయింది, డబ్బాలో ఇంకా కాస్త మిగిలింది. ఆ రోజు మూడూ మార్చి మార్చి పోసుకున్నారు కాబట్టి ఏది కాల్చిందో ఆయనకే తెలియదు.

"నా స్నేహితుడి మందు మాత్రం కాదు. అది నాకెప్పుడూ హాని చెయ్యలేదు. ఆ బజారు సరుకే అయ్యుంటుంది," అన్నారు.

"అయ్యుంటుంది అనుకోవడం దేనికి? పేల్చి చూద్దాం," అన్నాను.

శుక్రవారం తమ గులాబీ తోటకి రమ్మంది కూతురు. వెనక్కి తగ్గాలనిపించలేదు.

సాయంత్రం మా ఆయనకి ఫోన్లో చెప్పాను. ఆయన సముద్రం ఒడ్డున యాన్బు ఊళ్లో ఒక ప్లాంటులో టెక్నీషియను. నెలకోసారి వస్తారు.

"ఏవమ్మా, ఆస్పత్రిలో చాలక ఇంకా తోటల్లో కూడా డ్యూటీ మొదలెట్టావా? నీకెందుకే ఆ తుపాకుల గోల?"

"గోల కాదండీ. ఆయనెలాగూ మానడు. ఏది కాల్చకుండా పేలుద్దో తెలిస్తే కాలన్నా దక్కుద్ది కదా."

"నువ్వు అనుకున్నావంటే ఇంకేం చెప్తాం. దగ్గరికెళ్లి నిలబడకు మరి."

వచ్చిన శుక్రవారం ఉదయం కూతురు కారులో వచ్చి నన్ను హాస్టలు దగ్గర ఎక్కించుకుంది. షఫా అనే కొండ ఊరి దారిలో పైకెక్కుతుంటే పొగమంచు అద్దాలకి అంటుకుంటూ వచ్చింది. గులాబీల కోత అయిపోవస్తోంది. తోట అంచున, మొక్కలకి దూరంగా, ఎండిన మెట్టపొలం ఒకటుంది. అక్కడ మాకోసం ఎదురుచూస్తున్న మనిషి నన్ను చూడగానే తెలుగులో పలకరించాడు.

"నమస్తే అక్కా. మాది జగిత్యాల దిక్కు. ఈడ తోటపని చేస్త."

నాకంటే వయసులో పెద్దవాడే. నేను అన్నయ్యా అన్నాను, అతను మాత్రం అక్కా అనడం మానలేదు. తుపాకులు తుడిచిపెట్టేది కూడా అతనే. కానీ పేల్చమంటే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా ఇకామా పర్మిటు గులాబీ తోటకున్నదక్కా, తుపాకులకు గాదు. తుడువుమంటె తుడుస్త. గంతే."

బాబా కర్ర పక్కన పెట్టి తుపాకి అందుకోబోయారు. నేను అడ్డం నిలబడ్డాను.

"గాయం మానేదాకా మీరు పట్టుకోవడానికి వీల్లేదు."

"మరి ఎవరు పేలుస్తారు? నువ్వా?"

"నేను," అంది కూతురు. అబాయా చేతులు పైకి మడిచి తుపాకి తీసుకుంది. ఆమె చిన్నప్పుడు ఆయన సాధన చేస్తుంటే వెనకే కూర్చుని అంతా చూసేదట. ఆయనే ఒకటి రెండుసార్లు పట్టించి పేల్పించారట కూడా. ఆ సంగతి ఆయన మరిచిపోయారు. ఆమె మరిచిపోలేదు.

తెల్లటి పాత దుప్పటి నేలమీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టాం. గొట్టంలోంచి నిప్పు ఎలా దిగుతుందో, ఏం రాలుతుందో గుడ్డ మీద కనబడుతుందని నా ఆలోచన. పక్కన రెండు బకెట్ల నీళ్లు పెట్టుకున్నాం. ఒక్కో పేలుడు తర్వాత గొట్టాన్ని వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలన్నాను. ఒకదాని మసి ఇంకోదాన్లో కలిస్తే ఏది ఏమిటో తెలియదు కదా.

"ఇది తుపాకా, ఆపరేషన్ సామానా అక్కా?" అని గొణిగాడు జగిత్యాల అన్నయ్య. గొణుగుతూనే పొయ్యి మీద నీళ్లు పెట్టాడు.

ముందు బజారు మందు. ఆమె ఒకే గిన్నెతో కొలిచి పోసి, కడ్డీతో కూరి, నిప్పు రాజేసే చిన్న రాగి టోపీ పెట్టి, గొట్టాన్ని గుడ్డ వైపు వంచి మొహం పక్కకి తిప్పుకుంది. చెంప మీద కొట్టినట్టు చప్పుడు. పొగ తేలిపోయాక వెళ్లి చూశాం. గుడ్డ మధ్యలో పళ్లెమంత నల్లటి మరక. అంతే, ఎక్కడా చిల్లు లేదు.

రెండోది, ముతక మందు. దాని చప్పుడు నా పొట్టలో తగిలింది. పొగ కూడా చిక్కగా వచ్చింది. బాబా కళ్లు మెరిశాయి. "ఇదీ!" అన్నారు. గుడ్డ మీద మాత్రం ఎర్రటి నలకలు ఇంకా మండుతూ దొర్లాయి. అవి ఆరేలోగా గుడ్డకి అక్కడక్కడా చిల్లులు పడ్డాయి.

చివరికి స్నేహితుడి డబ్బా తెరిచారు. ఆ మూత ఆయన ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. లోపల మందు ఉండలు కట్టి ఉంది. ఆయనే వేళ్లతో నలిపి ఇచ్చారు. మొదటిసారి టోపీ పేలింది కానీ మందు అంటుకోలేదు. అందరం దూరంగా జరిగి, చాలాసేపు ఆగి, గొట్టంలో నీళ్లు పోసి, శుభ్రం చేసి మళ్లీ నింపాం. ఈసారి తుస్సుమంటూ సాగి, ఆలస్యంగా పేలింది. నిప్పుకణాలు పిడికిలితో విసిరినట్టు గుడ్డంతా పరుచుకున్నాయి. నేను బకెట్ ఎత్తి పోసేలోగా ఒక మూల అంటుకుంది కూడా.

నేను కొత్త గుడ్డ పరిచి ఇంకోసారి పేల్పించాను. మళ్లీ అంతే.

"తేమ," అన్నారు బాబా చివరికి. "ఈ మంచుకి తేమ పట్టింది. ఎండలో పెడితే బాగవుతుంది. వాడి చేతి మందు ఇలా ఉండదు."

ఆ గొంతు విన్నాక వాదించబుద్ధి కాలేదు. వారం రోజులు ఎండలో పెట్టించారు. తర్వాతి శుక్రవారం మళ్లీ కొండెక్కాం. ఈసారి డబ్బా తెచ్చి నా చేతికే ఇచ్చారు. పేల్చాం. ఈసారి తుస్సుమనలేదు కానీ నిప్పులు మాత్రం అలాగే రాలాయి. ఆయన కర్ర పొడుచుకుంటూ గుడ్డ దగ్గరికొచ్చి వంగి ఒక్కొక్క చిల్లూ వేలితో తడిమారు. తన పిక్కలో దిగిన నలకలు ఈ నిప్పులవేనని ఆయనకి నేను చెప్పనక్కర్లేకపోయింది.

"ముసలాయనకు మస్తు బాధైనట్టున్నదక్కా," అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "ఆ దోస్తు కబురొచ్చిన నాడు తిండి గూడ తినలే."

బాబా డబ్బా తీసుకుని పొలం గట్టు దాకా ఒక్కరే వెళ్లారు. మందుని నీళ్లలో కలిపి మట్టిలో పోసేశారు. ఖాళీ డబ్బాని మాత్రం చంకలో పెట్టుకుని తిరిగొచ్చారు. కూతురు ఎదురెళ్లి చెయ్యి పట్టుకుంది.

ఇక మిగిలినవి రెండు. నాకు సన్నమందు కావాలి, ఆయనకి ముతకది.

"ఆ బజారుది దగ్గులా ఉంది అమ్మాయీ! పెళ్లికొచ్చినవాడి గుండెలో మోగాలి. నాలుగు నిప్పులు పడితే పడనీ."

"ఆ నాలుగు నిప్పులే బాబా మీ కాలు తీయించేది. ఆ తర్వాత మోగించడానికి కాలుండాలిగా."

ఆయన నేలమీద కర్రతో కొట్టి మొహం తిప్పుకున్నారు. ఆ వారం డ్రెస్సింగుకి వచ్చినప్పుడు నాతో మాట్లాడలేదు. కాలు చాపారు, నేను కట్టు మార్చాను, వెళ్లిపోయారు. గాయం అంచులు గులాబీరంగులోకి తిరుగుతున్నాయి. ఇంత దూరం వచ్చాక వదిలిపెట్టదలచుకోలేదు నేను.

దారి చూపింది కూతురే. "నాన్న ఎప్పుడూ తుపాకి చేతిలో పెట్టుకునే దాని గొంతు విన్నారు. చుట్టాలు నిలబడేచోట నిలబడి ఎప్పుడు విన్నారు?" అంది.

మూడో శుక్రవారం బాబానీ నన్నూ లోయకి అవతలి గట్టు మీద దింపి, ఆమె తిరిగి పొలానికి వెళ్లింది. ఏది ముందు పేలుస్తుందో మాకు చెప్పలేదు. అవతల చిన్న చుక్కలా ఆమె, పక్కన అన్నయ్య. పొగ లేచింది. ఆ తర్వాత దుప్పటి దులిపినట్టు ఒక మొద్దు చప్పుడు వచ్చింది. బాబా ముఖం చిట్లించారు. కాసేపటికి మళ్లీ పొగ. ఈసారి చప్పుడు సూటిగా వచ్చి మా వెనక కొండని తాకింది. అక్కడినుంచి ఇంకో కొండకి వెళ్లి, మళ్లీ మా మీదుగా తిరిగొచ్చింది.

"ఇది ముతకదే," అన్నారు బాబా ధీమాగా.

నేను ఫోన్ చేసి స్పీకర్ నొక్కాను. "రెండోసారి ఏది?"

"బజారుది," అంది కూతురు.

ఆయన కర్ర ఊని గట్టు అంచుదాకా వెళ్లారు. "ఇంకోసారి పేల్చమను," అన్నారు. పేల్చింది. కొండలు మళ్లీ పలికాయి. "నలభై ఏళ్లు," అని ఆగి నవ్వారు. "నా తుపాకి గొంతు ఊరందరూ విన్నారు, నేనే వినలేదు."

పెళ్లినాటికి గాయం పూర్తిగా మానింది. నేను పట్టుబట్టి మోకాళ్ల దాకా తోలు మేజోళ్లు కుట్టించాను. అంగీ కింద కనబడవులే అని ఆయనా ఒప్పుకున్నారు. కూతురూ నేనూ మిగతా ఆడవాళ్లతో మేడమీది పిట్టగోడ దగ్గర నిలబడ్డాం. డప్పు మోగింది. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు. పాతరోజుల్లోలా ఎత్తుగా ఎగరలేదని చుట్టుపక్కల ముసలమ్మలు అనుకోవడం వినబడింది. కానీ నిప్పు ఆయన కాళ్ల కింద ఒక్క పువ్వులా విచ్చి ఆరిపోయింది. చప్పుడు కొండల్లోకి వెళ్లి తిరిగొచ్చింది. పెళ్లికొడుకు పరుగున వెళ్లి తండ్రిని కావలించుకున్నాడు. నా పక్కన కూతురు మాత్రం ఆనందంగా లేదు, మోచేతులు పిట్టగోడ మీద ఆనించి, "నేనైతే ఇంకా ఎత్తుకి ఎగిరేదాన్ని," అంది.

మర్నాడు డ్యూటీలో ఉండగా బాబా చక్రాల కుర్చీలో వచ్చారు. మోకాలి దాకా అంగీ ఎత్తి చూశాను. పిక్క మీద ఒక్క పొక్కు లేదు, ఒక్క కొత్త నలక లేదు. చీలమండ మాత్రం గుమ్మడికాయలా వాచింది. దిగేటప్పుడు మడతపడిందట.

డాక్టరుగారు వచ్చి కళ్లజోడు సవరించుకుని, "మళ్లీ తుపాకేనా?" అన్నారు.

"కాదు," అన్నారు బాబా నిటారుగా కూర్చుని. "కొడుకు పెళ్లి."

నేను ఎక్స్‌రే చీటీ రాయించి కుర్చీ తోసుకుంటూ బయల్దేరాను. దారిపొడుగునా, వచ్చే ఏడాది మనవరాలి పెళ్లి ఉందనీ, అప్పటికి ఈ మందు సరిపోతుందో లేదోననీ చెబుతూనే ఉన్నారు.