లాస్ తోర్కాసాస్ పట్టాల మీద నేలిదా

లాస్ తోర్కాసాస్ ఊరికి రైలు రావడం మానేసి పాతికేళ్ళు దాటినా, నేలిదా అర్రెచేయా మాత్రం పట్టాలు దాటేటప్పుడు ఇటూ అటూ చూసేది. పెద్దావిడ కాబట్టి దోన్యా అని పిలుస్తూనే కుర్రకారు నవ్వేవారు.

"దోన్యా, ఆ గడ్డిలోంచి ఏ రైలొస్తుందని?"

"వచ్చిన రోజున నువ్వు చూసుకోకుండా దాటతావు. నీ ముక్కలు ఏరడం నా వల్ల కాదు."

బడిలో పిల్లలకి ఏళ్ళ తరబడి వండిపెట్టి, వయసొచ్చి పని మానిన మనిషి. మాటలో ఉప్పు కాస్త ఎక్కువే.

మనుషులు నీళ్ళ వెంట ఊళ్ళు కట్టుకున్నారని పుస్తకాల్లో రాస్తారు. ఈ పంపా గడ్డిమైదానంలో పట్టాల ఇనుము వెంట కట్టుకున్నారు. బావి కూడా ముందు ఇంజను దాహం కోసమే తవ్వారు. మనుషులు తరవాత తాగారు. అందుకే రైలు ఆగితే ఊరు ఒక్కసారిగా చావదు. ముందు బేకరీ మూతపడుతుంది. డాక్టరు వారానికోసారి వస్తానంటాడు. కొన్నాళ్ళకి ఆ వారాన్ని కూడా మరిచిపోతాడు.

ఇది సహించలేక నేలిదా, తాళాలు బాగుచేసే ఓస్మార్, ఇంకో నలుగురైదుగురు కలిసి స్టేషను మరమ్మతుకి పూనుకున్నారు. బల్లలకి ఆకుపచ్చ రంగు వేశారు. గంటని తోమి తోమి మెరిపించారు. ఊరి పండగనాడు జనం వచ్చి ఫోటోలు దిగి మెచ్చుకుని వెళ్ళారు. పొరపాటు జరిగింది అక్కడే. వీళ్ళు అవే బల్లలకి మూడోసారి రంగు వేస్తుండగా పాలబండివాడు కబురు తెచ్చాడు: పక్క స్టేషను ఎల్ చాన్యార్‌కి అవతల కాంట్రాక్టరు పట్టాలు ఊడదీసి తుక్కు కింద లారీలకెత్తుతున్నాడు. సోమవారం నుంచి ఇటువైపు మొదలుపెడతాడట. ఎవరూ వాడని దారి అని పైఅధికారుల్ని ఒప్పించుకున్నాడట.

నేలిదా కుంచెని డబ్బాలో పడేసింది.

"పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసి కూర్చోబెట్టాం. అవతల బండొచ్చే దారినే పీక్కుపోతున్నారు."

"ఇప్పుడేం చేద్దామంటావు?" అన్నాడు ఓస్మార్, అక్కడ అందరూ ఒకరికొకరు అందించుకుని తాగే మాతె ఆకు కషాయాన్ని గొట్టంతో పీలుస్తూ.

"వాడని దారి అన్నాడుగా. వాడదాం."

షెడ్డులో ఓ సోర్రా పడి ఉంది. నలుగురెక్కి మధ్యలో ఉన్న పట్టెని పైకీ కిందికీ ఆడిస్తే పట్టాల మీద పరిగెత్తే చేతిబండి. దాని చక్రాలకి నూనె పట్టించి, సోమవారం పొద్దున్నే బయల్దేరారు. గడ్డి అడ్డమొచ్చిన చోట దిగి కొడవళ్ళతో కోసుకుంటూ, మళ్ళీ ఎక్కుతూ పోయారు. సగం దారిలో తీగ కంచె ఎదురైంది. బెంగోవా అనే పెద్ద రైతు పట్టాలకి అడ్డంగా కంచె బిగించి, రెండు వైపులా ఆవుల్ని మేపుకుంటున్నాడు.

ఓస్మార్ తీగ కోసే పట్టకారు తీశాడు.

"లోపల పెట్టు," అంది నేలిదా.

"వాడు చేసింది దొంగపని కాదా?"

"వాడిది దొంగపనే. తీగ కోస్తే మనదీ అదే అవుతుంది. ఆవులు రోడ్డెక్కితే రేపు మనకి మాతె అందించేవాడు ఉండడు."

పరాయివాడి తీగ కోసినవాణ్ణి ఆ మైదానంలో ఎవరూ గడపలోకి రానివ్వరు. అందుకని సోర్రాని విప్పారు. చక్రాలు, ఇరుసులు, పలకలు ఒక్కొక్కటీ కంచె మీదుగా అందించుకుని అవతల మళ్ళీ బిగించుకున్నారు. ఈలోగా బెంగోవా గుర్రమ్మీద వచ్చి చూస్తూ నిలబడ్డాడు.

"ముసలాళ్ళంతా ఆడుకోడానికి బయల్దేరారే."

"చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, ఆ ఇరుసు పట్టు," అంది నేలిదా.

అతను పట్టలేదు. అలాగని ఆపనూ లేదు. తన తీగ ఒక్కటీ తెగలేదు, ఏమని ఆపుతాడు?

ఎల్ చాన్యార్ చేరేసరికి కాంట్రాక్టరు మనుషులు స్టేషనుకి ఇవతల రెండు పట్టాలు కలిసే అతుకు దగ్గర బోల్టులు వదులు చేస్తున్నారు. నేలిదా బండిని మెల్లగా పోనిచ్చి, సరిగ్గా ఆ అతుకు మీద ఆపించింది. మేస్త్రీ వచ్చాడు.

"దోన్యా, జరగండి. మాకు ఆర్డరుంది."

"వాడని దారి తియ్యమనేగా నీ ఆర్డరు. ఇదిగో, వాడుతున్నాం."

"ఇదేం రైలండీ?"

"చక్రాలు పట్టాల మీదున్నాయా లేదా? నీ లారీకి అదీ లేదు."

కూలీల్లో ఒకడు నవ్వి, మేస్త్రీ చూపు పడగానే తల దించుకున్నాడు. మేస్త్రీ ఎవరికో ఫోన్ చేశాడు, మళ్ళీ చేశాడు. మనుషులు కూర్చున్న బండి కింద పట్టా తియ్యమని చెప్పే ధైర్యం అవతలివాళ్ళకి లేకపోయింది. ఎండ మండుతోంది. ఎల్ చాన్యార్ వాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళలోంచి వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. ఎవరో మాతెకి వేడినీళ్ళ ఫ్లాస్కు తెచ్చారు.

పొద్దువాలుతుండగా మేస్త్రీ లారీలు తిప్పించాడు.

"రేపు మళ్ళీ వస్తాం," అన్నాడు.

"రండి. మేమూ వస్తాం. ఎల్లుండి వీళ్ళొస్తారు," అని ప్లాట్‌ఫారం వైపు చెయ్యి చూపించింది. "వెళ్ళేముందు మాత్రం ఆ వదులు చేసిన బోల్టులు బిగించండి. ఇప్పుడు మేం దీని మీదే తిరిగెళ్ళాలి."

ఇందాక నవ్విన కూలీ మేస్త్రీ మొహం వంక చూసి, పానా అందుకుని, అతుకు దగ్గర గొంతుక్కూర్చుని బిగించడం మొదలుపెట్టాడు.

"ఇంకాస్త," అంది నేలిదా.