తాడు మీద మేడమ్మ చోటు

మేడమ్మ పోయిందన్న మాట నాకు చేపల రేవులో తెలిసింది. గంప నెత్తికెత్తుకోబోతున్నాను. ఆస్పత్రి నుంచి ఆటోలో దిగిన కాలేజీ పిల్ల ఒకతె జనాన్ని తోసుకుంటూ వచ్చి నా ముందు నిలబడింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది. "అమ్మమ్మా, మేడం..." అంది. చెంప మీద ఒక్కటిచ్చాను. ఆ మాట పూర్తి కానివ్వడం నాకిష్టం లేదు. తర్వాత గంపను కాలితో తన్నాను. కవళ్ళ చేపలన్నీ బురదలో పడ్డాయి, కాకులు దిగాయి. నేను ఒక్కటీ ఏరలేదు.

ఆ చెంపదెబ్బ తిన్న పిల్లే ఇప్పుడు ఇది రాస్తోంది. నాకు అక్షరం రాదు. నేను చెబుతాను, అది రాస్తుంది. "సెప్పింది సెప్పినట్టు రాయవే, పంచదార కలపకు" అన్నాను. "నీ నోరు కాగితం మీద పట్టదు అమ్మమ్మా" అంది. పట్టినంత రాయమన్నాను.

చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను. పోయినావిడకు నాలుగు మంచి మాటలు చెప్పి, దండేసి, టీ తాగి లేచిపోవడానికి నేను కూర్చోలేదు. మా పల్లె పక్కనున్న లేబుకు తాళం వేశారు. ఆ తాళం తీయాలి. అందుకు కూర్చున్నాను.

లేబంటే పెద్ద మేడ కాదు. రేవులోకి పిలుపు కోసం ఓడలు వరసకట్టి ఆగే చోటికి ఎదురుగా, కొండ పాదం దగ్గర, మా పడవలకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు. లోపల గాజు తొట్లు, సముద్రపు నీళ్ళు తోడే మోటారు. సముద్రం చదువు చదివే కాలేజీ పిల్లలు అక్కడికి వచ్చేవాళ్ళు. మేడమ్మ వాళ్ళకు టీచరు. ఆవిడకు మంచి పేరే ఉంది. కానీ మా పల్లెలో కుక్కపిల్ల దగ్గర్నుంచీ అందరికీ ఆవిడ మేడమ్మే.

మా మొదటి పరిచయం కొట్లాట.

అలివి వల లాగుతున్నాం. పడవ మీద పోయి వలను సముద్రంలో చుట్టూ వేసి వస్తే, రెండు కొసల తాళ్ళూ ఒడ్డున పట్టుకుని ఊరంతా లాగే పెద్ద వల అది. మాకో కట్టడి ఉంది. బిగిసిన తాడును ఎవరూ దాటకూడదు. దాటితే, వల గట్టెక్కేదాకా ఆ తాడు పట్టుకుని వదలకూడదు. ఎంతటివాళ్ళకైనా అంతే. ఆ రోజు మేడమ్మ పిల్లల మంద బూట్లతో వచ్చి, మా తాడు మీంచి టకటకా దాటేసింది.

"ఎవుల్రా మీరు? తాడు దాటీసేరు! కాళ్ళిరగ్గొట్టీగల్ను!" అని మీదపడ్డాను. చేతికందినవాణ్ణి జుట్టు పట్టుకున్నాను. వెనక నుంచి ఎవరో నన్ను ఒక్క తోపు తోశారు. ఇసకలో వెల్లకిలా పడ్డాను. ఈ ఒడ్డున నన్ను తోసిన మొగాడు కూడా లేడు. లేచి చూస్తే తలకు తువ్వాలు చుట్టుకున్న ఆడమనిషి. అంతవరకూ పిల్లలతో పుస్తకంలా మాట్లాడుతున్న మనిషి, కోపం వచ్చేసరికి మా భాషలోకి దిగిపోయింది.

"అప్పా, గుంటలు సిన్నోళ్ళు, తెలీక దాటేరు. తప్పుకి ఏటి కట్టాలో సెప్పు, కడతాం. మీద సెయ్యేస్తే మాత్రం నానూ ఏస్తాను."

"వల గట్టెక్కినదాకా తాడొగ్గకూడదు. అదీ కట్టడి" అన్నాను, నోట్లో ఇసక ఊస్తూ.

ఆవిడ బూట్లు విప్పింది. పిల్లలతో విప్పించింది. నా పక్కనే తాడు పట్టింది. సముద్రం లోపలికి గుంజుతుంటే మడమలు ఇసకలో గుచ్చి బిగపట్టాలి. బయటకు తోస్తున్నప్పుడు అడుగు వెనక్కి వెయ్యాలి. తెలియనివాళ్ళు రెండూ తిరగేసి చేస్తారు, చేతుల తోలు పోతుంది. వాళ్ళకూ పోయింది. ఒక పిల్లాడు ఏడ్చాడు. మేడమ్మ అరచేతుల్లోంచి నెత్తురు కారి తాడు ఎర్రబడింది. వల గట్టెక్కేదాకా ఎవరూ వదల్లేదు.

తాడు పట్టినవాళ్ళకు చేపల్లో వాటా ఇవ్వాలి, అదీ కట్టడే. ఆవిడ ముందు గంపెడు చేపలు పోశాం. "ఇవి మీరే ఉంచుకోండి అప్పా. మీరు పారేసేవి నాకు పెట్టండి" అంది. గోరంత పీతలు, ముళ్ళ చేపలు, వలకు చుట్టుకున్న నాచు, బుడగల్లాంటి జెల్లీ చేపలు, అన్నీ బకెట్లలో మోసుకుపోయారు. మాకు నవ్వాగలేదు. అప్పటినుంచీ వల వేసినప్పుడల్లా ఆవిడ పిల్లలు వచ్చి లాగారు. ఆవిడ చోటు నా పక్కనే.

ఆవిడ అలవాట్లు కొన్ని చెబుతాను. నీళ్ళలో దిగేముందు వేలు ముంచి నాలుకకు రాసుకునేది. చిన్న పీతను చూసినా, చూడటం అయిపోగానే తెచ్చిన చోటికే తీసుకెళ్ళి వదిలేది. "బకెట్లో సముద్రం తొందరగా చచ్చిపోతుంది. బేగి చూసి బేగి వదిలెయ్యండి" అని పిల్లల్ని తొందరపెట్టేది. టీ తాగినా, నాతో మాట్లాడినా మొహం సముద్రం వైపే. మొదట్లో నాకు ఒళ్ళు మండింది. "నా మొకం సూసి మాటాడవేటి?" అన్నాను. "నువ్వు కొడితే లేస్తానప్పా. అది కొడితే లేవను" అంది. పిల్లలకు మొదటి పాఠం కూడా అదే. సముద్రానికి వీపు చూపించొద్దు.

ఒకసారి పిల్లాడొకణ్ణి జెల్లీ చేప కుట్టింది. చెయ్యంతా కొరడాతో కొట్టినట్టు వాతలు తేలాయి. వాడు కేకలు పెడుతుంటే, తక్కినవాళ్ళు అలాంటిదే ఇంకొకటి నీళ్ళలో చూసి పారిపోబోయారు. ఆవిడ వాడి చేతికి మందు పోస్తూనే వాళ్ళను కేకేసి నిలబెట్టింది. "పారిపోతే ఏం తెలుస్తుంది? దూరంగా నిలబడి అది ఎలా ఈదుతుందో చూడండి. చదివింది మర్చిపోతారు. కుట్టింది మర్చిపోరు." ఆ వాతల పిల్లాడు సాయంత్రానికి మళ్ళీ నీళ్ళలోనే ఉన్నాడు.

ఆవిడ అబద్ధం ఆడదు. అది ఎంత చేదుగా ఉంటుందో నాకు తెలుసు.

పొరుగు రేవు పడవలు కొన్ని ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చి, మా వల ఉండగానే వాళ్ళ వల దింపాయి. మాటా మాటా పెరిగింది. మా మేనల్లుడు రాయి విసిరాడు. వాళ్ళు మా తాడు కోశారు. ఇక చూడండి, తెడ్లు, కర్రలు, లంగరు రాళ్ళు. మోకాటిలోతు నీళ్ళలో మనుషులు ఒకరి తల ఒకరు ముంచారు. నురగ ఎర్రగా వచ్చింది. మేడమ్మ పిల్లలందర్నీ లేబులో పెట్టి తలుపు మూసి, తను బయట నిలబడింది. ఎటునుంచి వచ్చిందో ఒక రాయి ఆవిడ నుదురు చీల్చింది. పోలీసులు వచ్చి ఎవరు మొదలెట్టారంటే ఒక్కడూ నోరు విప్పలేదు. ఆవిడ కంట్లోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ చెప్పింది. "ముందు రాయి ఇటునుంచే పోయింది. తాడు కోసింది వాళ్ళు. రెండూ రాసుకోండి."

మా మేనల్లుణ్ణి జీపెక్కించారు. నేను బండరాయి పట్టుకుని లేబుకు పోయి, పెద్ద గాజు తొట్టిని బద్దలు కొట్టాను. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడను. నీళ్ళన్నీ నా కాళ్ళ మీదికి దూకాయి. సిమెంటు గచ్చు మీద చేపలు టపటపా కొట్టుకున్నాయి.

"మా ఉప్పు తిని మావోడ్నే పట్టించీసేవు గదే!" అని అరిచాను.

తలకు కట్టుతో ఆవిడ గాజుముక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చునే ఉంది. "తిట్లు తర్వాత తిట్టప్పా. సేపలు సచ్చిపోతన్నాయి. బకెట్టు పట్టు."

పట్టాను. ఎందుకు పట్టానో ఇప్పటికీ తెలీదు. ఇద్దరం గచ్చంతా పాకి ఏరాం. నేను తిడుతూనే ఏరాను. ఆవిడ మధ్యలో "అటు, ఆ మూల ఒకటుంది" అంటూనే ఉంది. మర్నాడు స్టేషనుకు నాతో వచ్చి, తాడు కోయడం తను కళ్ళారా చూశానని అక్కడా చెప్పింది. రెండు వైపుల వాళ్ళనూ మందలించి వదిలేశారు. మా మేనల్లుడు ఆవిడకు దణ్ణం పెట్టబోతే, "ఇంకోసారి విసిరితే ఇంకోసారి చెబుతాను" అంది.

ఇప్పుడు ఆ రోజు సంగతి. రాస్తున్న పిల్ల చెయ్యి ఆగింది. రాయవే.

మగాళ్ళంతా వేటకు పోయారు. ఒడ్డున ఉన్నది నాలాంటి ముసలాళ్ళం, ఆ పిల్లలు. సముద్రం నీళ్ళు వెనక్కి తీసిన వేళ కొండరాళ్ళ మీద గుల్లలు చూడటానికి మేడమ్మ వాళ్ళను తీసుకెళ్ళింది. ఎక్కేముందు చాలాసేపు నిలబడి కెరటాలు చూసింది. బాగానే ఉన్నాయి. నేనూ చూశాను. కింద జారిపోతున్న బకెట్టు అందుకోబోయి ఈ పిల్ల ఒక్కసారి వీపు తిప్పింది. ఎక్కణ్ణుంచో ఒక దొంగ కెరటం లేచింది. రాతి మీద పిల్ల లేదు.

మేడమ్మ అరవలేదు. పరుగున వచ్చి మా పడవలోంచి తాడు చుట్ట లాగి, ఒక కొస పిల్లల చేతుల్లోకి విసిరి, రెండో కొస నడుముకు చుట్టుకుని దూకింది. నేను తాడు పట్టాను. నా వెనక ముసలాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు. సముద్రం ఆ ఇద్దర్నీ బంతిలా ఆడింది. మేడమ్మ పిల్లను అందుకుంది. తన నడుముకున్న తాడు విప్పి దాని చంకల కింద బిగించింది. తను తాడును మణికట్టుకు మెలేసుకుంది. తర్వాతి కెరటం ఇద్దర్నీ రాళ్ళకేసి కొట్టింది. రాతివైపు ఉన్నది మేడమ్మ.

"ఒగ్గకండ్రా! గుంజితే బిగపట్టండి! తోస్తే ఎనక్కి నడండి!" అని నేను అరిచాను. అరవక్కర్లేకపోయింది. వాళ్ళు అప్పటికే మడమలు గుచ్చారు. సముద్రం తోసినప్పుడే ఒక్క అడుగు, ఒకే అడుగు, అందరిదీ. తెలియని చేతులైతే తాడు జారిపోయి ఇద్దరూ పోయేవాళ్ళు. అవి మా తాడు మీద తోలు ఊడిన చేతులు.

పిల్ల గట్టెక్కింది. మేడమ్మ కూడా గట్టెక్కింది. తల మెత్తగా ఉంది. ఊపిరుంది. మణికట్టుకు తాడు మెలిక అలాగే ఉంది, పిడికిలి మూసి ఉంది. ఆ వేళ్ళు విప్పడానికి నా బలం చాల్లేదు. కత్తితో తాడు కోసి, చేతిలో ముక్క చేతిలోనే ఉంచి ఆస్పత్రికి పంపాం. అక్కణ్ణుంచి ఆవిడ తిరిగి రాలేదు.

కర్మలు కాకముందే లేబు దగ్గర టెంటు వేసి మీటింగు పెట్టారు. కాలేజీ పెద్దాయన వచ్చాడు, పిల్లల తల్లిదండ్రులు వచ్చారు. ఇకమీదట పిల్లలు నీళ్ళలో దిగరట. తెర మీద బొమ్మలు చూపిస్తారట. లేబు మూసేస్తారట. ఈ పిల్ల తండ్రి మధురవాడ నుంచి వచ్చాడు, ఆఫీసు ఉద్యోగం. "ఆవిడ నా కూతుర్ని చంపబోయింది. మీ సముద్రం మీకు అలవాటు. మా పిల్లలకెందుకు?" అన్నాడు.

నేను వెళ్ళి ఆయన కాలరు పట్టుకున్నాను. ఎవరో లాగారు, వదల్లేదు.

"ఆదివారం పూట బీచీలో పొటోలు దిగతా కొట్టుకుపోయేది ఎవుల పిల్లలు బాబూ? మా పిల్లలా? ఆ శవాలు మొయ్యడం నాకు అలవాటే. నీ కూతుర్ని మొయ్యలేదు. ఎందుకు మొయ్యలేదో అడుగు!"

"వదలండి! పెద్దావిడని ఊరుకుంటున్నాను" అన్నాడాయన.

అప్పుడు ఈ పిల్ల లేచింది. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. "నాన్నా, వీపు తిప్పొద్దని మేడం చెప్పారు. నేనే వీపు తిప్పాను. నన్ను లాగింది మా క్లాసువాళ్ళు. లాగడం మేడమే నేర్పారు" అంది. వినపడీ వినపడకుండా అంది. ఆయన కూతురివైపు చూశాడు. నేను వదిలాను. కాలరు సర్దుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. కాలేజీ పెద్దాయన "చూద్దాం" అన్నాడు. తాళం అలాగే ఉంది.

మా మేనల్లుడి తప్పును మా మొహం మీదే చెప్పిన మనిషి ఆవిడ. తన తప్పుంటే అదీ చెప్పేది. నేను ఆవిడ తరఫున చెబుతున్నాను. పిల్లకు సముద్రం చూపించడం తప్పు కాదు. చూపించకపోవడం తప్పు. తాళం తీయండి. ఇంకో టీచర్ని పంపండి. తాడు మేం పట్టిస్తాం.

ఆవిడ పోయాక మొన్ననే మొదటిసారి వల వేశాం. లేబు తలుపు మూసుంది కదా, పిల్లలు మా సందులోంచి వచ్చారు. ఎవరూ పిలవలేదు. బూట్లు పడవ పక్కన కుప్పగా విప్పి, ఎవరి చోట్లో వాళ్ళు తాడు పట్టారు. ఈ పిల్ల ఒంటిచేత్తోనే పట్టింది. నాకూ దానికీ మధ్య జానెడు తక్కువ బారెడు ఖాళీ. ముందుకు జరగవే అందామనుకుని ఊరుకున్నాను.

వల బరువుగా ఉంది. సముద్రం లోపలికి గుంజింది. అందరం మడమలు గుచ్చి బిగపట్టాం. ఏ చెయ్యీ లేని ఆ చోట తాడు కమ్మీలా బిగిసింది. సన్నగా వణికింది. ఉప్పునీళ్ళు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. అక్కడ అది రవ్వంత కూడా వంగలేదు.